కళా విద్యార్థులకు స్మారక స్కాలర్‌షిప్: మూలనిధి నుంచి రెండో విడత దాకా

ఇంట్లో ఒకరు పోయాక వాళ్ల పేరు నాలుగు కాలాల పాటు నిలవాలని కుటుంబం కోరుకుంటుంది. పోయినవాళ్లు డ్రాయింగ్ మాస్టారో, నాటకాలాడినవాళ్లో, ఊరి భజన మండలిలో హార్మోనియం పట్టినవాళ్లో అయితే కళ నేర్చుకునే పిల్లలకు స్కాలర్‌షిప్ పెడదామన్న మాట తప్పకుండా వస్తుంది. చాలా మంచి మాట. ఇంజినీరింగ్ సీటు వచ్చిన పిల్లవాడికి చేయందించే బంధువులు ఎక్కడైనా ఉంటారు. బొమ్మలు వేస్తాను, వీణ నేర్చుకుంటాను అన్న పిల్లకు సొంత ఇంట్లోనే మద్దతు దొరకని సందర్భాలు ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల్లో కోకొల్లలు.

ఇలాంటి స్కాలర్‌షిప్పులు రెండు మూడేళ్లకే మూలపడడానికి చాలాసార్లు డబ్బు కొరత కారణం కాదు. మార్కులు చూసి ఎంపిక చేయడం, కోర్సు చివర్లో పతకం ఇవ్వడం, సభలో శాలువా కప్పడం వేరే చదువులకు కుదిరిన పద్ధతి. దాన్నే తెచ్చి ఇక్కడ అమలు చేస్తారు. కళా విద్యార్థికి డబ్బు కావాల్సిన నెల వేరు, కొనాల్సిన సరుకు వేరు, వాళ్ల ప్రతిభ బయటపడే చోటు కూడా వేరు. ఈ మూడింటినీ ముందు తెలుసుకుంటే మిగతా పనంతా కాగితాల పనే.

ముందుగా, ఖర్చు ఎక్కడ పడుతుంది?

ప్రకటన రాయకముందే మీరు ఎంచుకున్న కళలో ఒక విద్యార్థికి ఏడాదికి అయ్యే ఖర్చును కాగితం మీద వేయండి. ఆ కళ నేర్పే ఇద్దరు టీచర్లనూ, చదువుతున్న ఇద్దరు పిల్లలనూ అడిగితే ఒక పూటలో తేలిపోతుంది.

చిత్రలేఖనం, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీలో డిగ్రీ చేయాలనుకునేవాళ్లు ఎక్కువగా హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీకి వెళ్తారు. బీఎఫ్‌ఏ నాలుగేళ్ల కోర్సు. వరంగల్ నుంచి వెళ్లే పిల్లకు ఫీజు కంటే హాస్టల్, భోజనం, సరుకు బరువు. పెయింటింగ్‌లో మొదటి ఏడాది కార్ట్రిడ్జ్ షీట్లు, పోస్టర్ కలర్లు, వాటర్ కలర్లతో గడిచిపోతుంది. తర్వాత కాన్వాస్, ఆయిల్ రంగులు, పెద్ద బ్రష్షులు వస్తాయి, ఖర్చు అక్కడ ఎగబాకుతుంది. శిల్పంలో మట్టి చవకే. అచ్చు తీయడానికి ప్లాస్టర్ ఆఫ్ పారిస్, ఆ పైన ఫైబర్ లేదా లోహపు పోత అసలు ఖర్చు. ప్రింట్‌మేకింగ్‌లో జింకు రేకులు, యాసిడ్, ఇంకు. అప్లైడ్ ఆర్ట్‌లో కంప్యూటర్ లేకపోతే పని ముందుకు సాగదు. చివరి ఏడాది ప్రదర్శనకు ఫ్రేములు, రవాణా ఒక్కసారిగా మీద పడతాయి. అప్పుడే పిల్లలు అప్పు చేస్తారు.

సంగీత, నృత్య విద్యార్థుల సంగతి వేరు. వరంగల్‌లో విద్యారణ్య ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. నిజామాబాద్‌లోనూ ప్రభుత్వ సంగీత కళాశాల ఉంది. అక్కడ ఫీజు పెద్ద భారం కాదు. భారమంతా వాయిద్యానిదీ, దాన్ని బాగుచేయించడానిదీ. వీణనే తీసుకోండి. దాని మీది 24 మెట్లను మైనంలో కూర్చి నిలబెడతారు. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర రేకుల ఇంట్లో మధ్యాహ్నం ఉండే వేడికి ఆ మైనం మెత్తబడుతుంది. మెట్టు నూలుపోగంత జరిగినా స్వరం ఉన్నచోట ఉండదు. పిల్ల ఎంత సాధన చేసినా అపస్వరమే పలుకుతుంది, చెవి కూడా చెడుతుంది. మళ్లీ మేళం కట్టించాలి, అంటే మైనంలో మెట్లన్నీ తిరిగి కూర్పించాలి. ఆ పని తెలిసినవాళ్లు ప్రతి ఊళ్లో ఉండరు కాబట్టి కూలికి తోడు వాయిద్యాన్ని మోసుకెళ్లే ఖర్చూ ఉంటుంది. మృదంగానికి మూతలు మార్పించడం, వయొలిన్‌కు తీగలు, విల్లుకు వెంట్రుకలు ఎక్కించడం కూడా ఇలాంటివే. నృత్యంలో గజ్జెలు, ఆహార్యం, ప్రదర్శన రోజు పక్కవాద్యాలవాళ్లకు ఇచ్చేది. వీటిలో ఒక్కటి కూడా ఫీజు రసీదులో కనిపించదు. అందుకే ‘ఫీజు చెల్లిస్తాం’ అని రాసిన స్కాలర్‌షిప్ సంగీత విద్యార్థికి దాదాపు ఏమీ ఇవ్వనట్టే.

‘విద్యార్థి’ అంటే ఎవరో రాసుకోండి

ఉత్తర తెలంగాణలో ఈ నిర్వచనం చాలా ముఖ్యం. చేర్యాల నకాషీ చిత్రకళ, పెంబర్తి ఇత్తడి పని, నిర్మల్ బొమ్మలు, కరీంనగర్ వెండి తీగపని, ఒగ్గుకథ, చిందు యక్షగానం, గోండుల గుస్సాడీ నృత్యం, ఇవన్నీ కాలేజీలో నేర్చుకునేవి కావు. గుస్సాడీ కళాకారుడు కనకరాజుకు 2021లో, చిందు యక్షగాన కళాకారుడు గడ్డం సమ్మయ్యకు 2024లో పద్మశ్రీ వచ్చింది. వాళ్ల దగ్గర నేర్చుకున్న పిల్లవాడు ‘బోనఫైడ్ సర్టిఫికెట్ జతచేయాలి’ అన్న ఒక్క వాక్యంతో మీ ఫారం దగ్గరే ఆగిపోతాడు.

అందుకని రెండు దారులు పెట్టండి. ఒకటి, గుర్తింపు ఉన్న సంస్థలో సర్టిఫికెట్, డిప్లొమా, డిగ్రీ, పీజీ చదివేవాళ్లు. రెండోది, గురువు దగ్గర కనీసం రెండేళ్లుగా నేర్చుకుంటున్నవాళ్లు. రెండో దారిలో గురువు సంతకంతో ఉత్తరం, నేర్చుకుంటున్న చోట తీసిన చిన్న వీడియో, పంచాయతీ కార్యదర్శి నివాస ధ్రువీకరణ చాలు. వయసు 16 నుంచి 26 మధ్య పెట్టుకోవచ్చు. 16 కంటే చిన్నవాళ్లను తీసుకోవద్దన్నది మా సలహా. 10 నుంచి 14 ఏళ్ల పిల్లలకు కేంద్ర ప్రభుత్వ సాంస్కృతిక శిక్షణ సంస్థ సీసీఆర్‌టీ స్కాలర్‌షిప్ ఉంది, 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు రూ.5,000 చొప్పున రెండేళ్లు ఇస్తుంది. పదో తరగతి దాటి, ఇంట్లో ‘ఇక బొమ్మలు చాలు’ అన్న మాట మొదలయ్యే వయసులో సాయం మరీ తక్కువ. మీ డబ్బు అక్కడ పనికొస్తుంది.

ప్రాంతం రాసేటప్పుడు ఇంకో చిక్కుంది. ‘వరంగల్ జిల్లా విద్యార్థులకు’ అని మాత్రమే రాస్తే గొడవ ఖాయం. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయాయి. చేర్యాల సిద్దిపేటకు పోయింది, పెంబర్తి జనగామకు వచ్చింది. కరీంనగర్‌లో ఉన్న ఎల్కతుర్తి ఇప్పుడు హనుమకొండ జిల్లాలో ఉంది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. కాబట్టి ‘2016 అక్టోబర్ 11కు ముందున్న వరంగల్ జిల్లా పరిధి’ అని తేదీతో సహా రాయండి. వీలైతే పరిధిని ఉత్తర తెలంగాణ ఉమ్మడి జిల్లాలన్నింటికీ పెంచండి. చిత్రకారులు పి.టి.రెడ్డి పుట్టిన అన్నారం, తోట వైకుంఠం పుట్టిన బూరుగుపల్లి ఉమ్మడి కరీంనగర్ పల్లెలు. మరో చిత్రకారుడు కాపు రాజయ్యది సిద్దిపేట. ప్రతిభ జిల్లా గీతలు చూసుకుని పుట్టదు.

ట్రస్టా, కాలేజీకి ఇవ్వడమా, నేరుగా ఇవ్వడమా?

మీ దగ్గరున్న మొత్తం ఐదు లక్షల లోపైతే ట్రస్టు జోలికి పోవద్దు. రిజిస్ట్రేషన్, ఏటేటా రిటర్నులు, ఆడిటర్ ఫీజు కలిసి వచ్చే వడ్డీలో పెద్ద భాగాన్ని తినేస్తాయి. కుటుంబంలో ముగ్గురు నలుగురు కలిసి ఏటా ఇంత అని రాసుకుని, విద్యార్థి బ్యాంకు ఖాతాకు నేరుగా వేయండి. పన్ను మినహాయింపు రాదు, అంతకుమించి నష్టం లేదు. ఆ కాగితంలో ఎన్నేళ్లు ఇస్తారో కూడా రాయాలి. లేకపోతే మూడో ఏడు ఒకరు, నాలుగో ఏడు ఇంకొకరు తప్పుకుంటారు, పిల్ల కోర్సు మధ్యలో నిలబడిపోతుంది.

రెండో మార్గం, మూలనిధిని ఒక యూనివర్సిటీకో కాలేజీకో అప్పగించడం. వాళ్లు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి వడ్డీతో ఏటా ఇస్తారు. మీకు పని తక్కువ. కానీ సాధారణంగా సంస్థలు దీన్ని బంగారు పతకంగా మార్చడానికే మొగ్గుతాయి, అదీ మొదటి ర్యాంకుకు. నాలుగేళ్ల కష్టమంతా అయిపోయాక వచ్చే పతకంతో రంగులు కొనలేరు కదా. ఈ దారిలో వెళ్తే ఒప్పంద పత్రంలో నాలుగు మాటలు తప్పక రాయించండి: డబ్బు చదువు సాగుతుండగానే ఇవ్వాలి, ఎంపిక పని చూసి జరగాలి, ఎంపిక కమిటీలో బయటి కళాకారుడు ఒకరు ఉండాలి, ఒక ఏడాది ఇవ్వకపోతే ఆ వడ్డీ మూలనిధిలో కలవాలి.

మూడోది సొంత ట్రస్టు. పది లక్షలు దాటితే, ఇంకా దాతలు చేరే అవకాశం ఉంటే ఇదే సరైనది. ట్రస్టు డీడ్‌ను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయిస్తారు. సొసైటీ పెట్టాలంటే కనీసం ఏడుగురు సభ్యులు కావాలి, ఎన్నికలు, సర్వసభ్య సమావేశాలు ఉంటాయి. స్కాలర్‌షిప్ ఒక్కదానికి అంత హంగామా అక్కర్లేదు. ట్రస్టీలు ఐదుగురుంటే చాలు: కుటుంబం నుంచి ఇద్దరు, కళారంగం నుంచి ఇద్దరు, లెక్కలు తెలిసినవాళ్లు ఒకరు. కుటుంబం వాళ్లే ఐదుగురైతే ఆస్తి తగాదా ఏదైనా వచ్చిన రోజు స్కాలర్‌షిప్ కూడా ఆగిపోతుంది.

డీడ్‌లో జనం మరిచిపోయేవి కొన్ని ఉన్నాయి. ఒక ట్రస్టీ చనిపోతే ఆ స్థానంలోకి ఎవరు, ఎలా వస్తారు? ట్రస్టు మూసేయాల్సి వస్తే ఆస్తి ఎవరికి పోవాలి? (ఇలాంటి ఆశయం ఉన్న మరో ట్రస్టుకే పోవాలి, కుటుంబానికి తిరిగి రాకూడదు.) మీరు పేరు పెట్టి రాసిన కాలేజీ పేరే మారితే? మాసబ్‌ట్యాంక్ ఫైన్ ఆర్ట్స్ కాలేజీ 2008 దాకా జేఎన్‌టీయూలో ఉండేది. పొట్టి శ్రీరాములు తెలుగు విశ్వవిద్యాలయం పేరు సురవరం ప్రతాపరెడ్డి తెలుగు విశ్వవిద్యాలయంగా మారింది. పేరు పక్కన ‘లేదా దాని స్థానంలో వచ్చిన సంస్థ’ అన్న మాట చేర్చండి.

‘మా కులం పిల్లలకే’ అని పెడదామన్న సూచన దాదాపు ప్రతి కుటుంబంలోనూ ఎవరో ఒకరు తెస్తారు. ఒక కులానికో మతానికో పరిమితం చేస్తే ఆదాయపు పన్ను చట్టం 80జి కింద దాతలకు మినహాయింపు రాదు. ఎస్సీ, ఎస్టీ, వెనుకబడిన తరగతులు, మహిళలు, పిల్లలకు అని పెడితే ఆ ఇబ్బంది లేదు. అలాగే ట్రస్టు పెట్టినవాళ్ల బంధువుల పిల్లలకు ఇస్తే దాని పన్ను మినహాయింపుకే ఎసరు. బంధువులకు ఇవ్వకూడదని డీడ్‌లో రాసి ఉంటే తర్వాత బంధువుల మొహమాటం కూడా తప్పుతుంది.

వడ్డీ లెక్క

పదిహేను లక్షల మూలనిధి, ఆరున్నర శాతం వడ్డీ అనుకుందాం. ఏడాదికి రూ.97,500 వస్తుంది. అందులో 15 శాతం, అంటే రూ.14,625, పక్కన పెట్టి మూలనిధి పెరగడానికి వాడండి. 12ఏ రిజిస్ట్రేషన్ (ట్రస్టు ఆదాయానికి పన్ను మినహాయింపు ఇచ్చేది) ఉన్న ట్రస్టు ఆదాయంలో 85 శాతం ఆ ఏడే ఆశయం కోసం ఖర్చు చేయాలి, 15 శాతం దాచుకోవచ్చు. కాబట్టి ఈ కోత నిబంధనకు సరిగ్గా అమరుతుంది. ఇది పెట్టకపోతే ఈ రోజు ఒక సెట్టు రంగులకు సరిపోయే డబ్బు పదేళ్ల తర్వాత ఆ సెట్టుకు చాలదు. పోస్టేజీ, హాలు, న్యాయనిర్ణేతల ప్రయాణానికి 5 శాతం, రూ.4,875. ఆడిటర్ ఫీజు ఇందులో సర్దుబాటు కాదు, దాన్ని కుటుంబం విడిగా భరిస్తే మంచిది. మిగిలేది రూ.78,000.

ఇప్పుడు అందరూ బోల్తాపడే చోటు. కోర్సు నాలుగేళ్లు. ఏటా ఒక కొత్త విద్యార్థిని తీసుకుంటే నాలుగో ఏడుకు మీ మీద నలుగురు ఉంటారు. మొదటి ఏడు ఒకరికి రూ.60,000 ఇచ్చి సంబరపడితే రెండో ఏడుకే చేతులెత్తేయాలి. పై లెక్కకు సరిపోయే పద్ధతి ఇది: రెండేళ్లకొకసారి ఒక కొత్త విద్యార్థి, ఏడాదికి రూ.30,000 చొప్పున కోర్సు పూర్తయ్యేదాకా. అప్పుడు ఎప్పుడూ ఇద్దరే ఉంటారు, రూ.60,000. మిగిలిన రూ.18,000ను ఒక్కొక్కరికి రూ.6,000 చొప్పున ముగ్గురికి ఒకసారి సరుకు సాయంగా ఇవ్వండి, వీణ మేళానికో, కాన్వాస్‌కో, గజ్జెలకో. మొదటి రెండేళ్లు ఒక్క విద్యార్థే ఉంటాడు కాబట్టి ఆ రూ.30,000 కూడా సరుకు సాయానికే మళ్లించాలి, లేకపోతే 85 శాతం లెక్క తప్పుతుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలన్న దాంట్లో రాజీ వద్దు. తెలిసినవాళ్లకు నూటికి రెండు రూపాయల మిత్తికి ఇద్దామనో, చిట్టీ వేద్దామనో ఎవరో అంటారు. చట్టం ట్రస్టు డబ్బుకు అనుమతించిన పెట్టుబడుల్లో అవి లేవు, మినహాయింపు పోతుంది, అసలుకే ముప్పు. బ్యాంకు డిపాజిట్లకు బీమా ఒక్కో బ్యాంకులో రూ.5 లక్షల వరకే, కాబట్టి పదిహేను లక్షలను మూడు బ్యాంకుల్లో పెట్టండి. ఖాతా ట్రస్టు పేరు మీద, ట్రస్టు పాన్‌తో, ఇద్దరి ఉమ్మడి సంతకాలతో ఉండాలి. ‘తాత్కాలికంగా’ పెద్దబ్బాయి సొంత ఖాతాలో వేసుకోవడంతో మొదలైన నిధులు అక్కడే ఉండిపోతాయి.

12ఏ, 80జి రిజిస్ట్రేషన్లకు ఆదాయపు పన్ను పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. కొత్త ట్రస్టుకు ముందు మూడేళ్లకు తాత్కాలికంగా ఇస్తారు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. జనం నోట్లో పాత పేర్లే ఉన్నా దరఖాస్తులో ఆడిటర్ చెప్పిన కొత్త నంబర్లే వేయండి. నగదుగా రూ.2,000 దాటి ఇచ్చిన విరాళానికి దాతకు మినహాయింపు రాదు. మూలనిధికి ఇచ్చేవాళ్ల దగ్గర ‘ఇది మూలనిధి కోసమే’ అని రాతపూర్వకంగా తీసుకోండి. ఆ ఉత్తరం లేకపోతే అది మామూలు ఆదాయం కింద లెక్కకొస్తుంది.

అమెరికాలో ఉన్న పిల్లలు డబ్బు పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సంపాదన నుంచి పంపితే అది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకుంటే, ఓసీఐ కార్డు ఉన్నా సరే, విదేశీ విరాళమే. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి లేకుండా ఒక్క డాలరు కూడా తీసుకోకూడదు. ఆ రిజిస్ట్రేషన్‌కు ట్రస్టు మూడేళ్లు నడిచి, రూ.15 లక్షలు ఖర్చు చేసి ఉండాలి. అందుకని పాస్‌పోర్టు కాపీ తీసుకున్నాకే బ్యాంకు వివరాలు పంపండి.

ప్రకటన, దరఖాస్తు

ఫారం రెండు పేజీలు దాటకూడదు, తెలుగులో ఉండాలి. పేరు, ఊరు, మండలం, కళ, ఎక్కడ ఎవరి దగ్గర నేర్చుకుంటున్నారు, ఇంటి ఆదాయం, ఇప్పటికే అందుతున్న ఇతర స్కాలర్‌షిప్పులు, ఈ ఏడు డబ్బు దేనికి వాడతారు. చివరి ప్రశ్నకు అర పేజీ వదలండి. ‘ఉన్నత విద్య కోసం’ అని రాసినవాళ్ల కంటే ‘రెండు 3×4 అడుగుల కాన్వాసులు, ఆరు ట్యూబులు, శని ఆదివారాలు రవాణా’ అని రాసినవాళ్లకు తమ పని తెలుసు. ఇతర స్కాలర్‌షిప్పుల సంగతి అడగడానికి కారణం ఉంది. కొన్ని స్కాలర్‌షిప్పులు రెండోది తీసుకోవడానికి ఒప్పుకోవు. అలాంటి విద్యార్థికి సరుకు సాయంగా ఇస్తే పాతది పోకుండా ఉంటుందా అన్నది ఆ స్కీము నిబంధన చూసి తేల్చండి.

ఆదాయ పరిమితిని ప్రభుత్వం పెట్టినంతే పెట్టకండి. రాష్ట్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పోర్టల్ ఈపాస్‌లో బీసీ, ఈబీసీలకు పల్లెల్లో రూ.1.5 లక్షలు, పట్టణాల్లో రూ.2 లక్షలు. దాని లోపు ఉన్నవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంటైనా దొరుకుతుంది. కాస్త పైన ఉన్న ప్రైవేటు టీచరు, చిన్న కిరాణా కొట్టు కుటుంబాలకు ఏదీ రాదు. నాలుగు లక్షల వరకు పెట్టి, లోపల ఎవరికి ఎంతన్నది కమిటీకి వదలండి. ఆదాయ ధ్రువపత్రం మీసేవలో దరఖాస్తు చేస్తే తహసీల్దార్ ఆఫీసు నుంచి వస్తుంది. దాన్ని ఎంపికైన తర్వాతే అడిగితే ఎంపిక కానివాళ్లకు ఆ తిరుగుడు తప్పుతుంది.

పేపర్లో చిన్న ప్రకటన వల్ల ఉపయోగం తక్కువ. హైస్కూలు డ్రాయింగ్ మాస్టార్ల వాట్సాప్ గ్రూపులు, జూనియర్ కాలేజీలు, సంగీత కళాశాల నోటీసు బోర్డు, కాకతీయ యూనివర్సిటీ, వరంగల్‌లోని తెలుగు విశ్వవిద్యాలయ జానపద గిరిజన విజ్ఞాన పీఠం, ఏటూరునాగారం, ఉట్నూరు ఐటీడీఏ (గిరిజన అభివృద్ధి సంస్థ) ఆఫీసులు, సైన్‌బోర్డు ఆర్టిస్టుల షాపులు, వీటి ద్వారా మాట పాకుతుంది. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలు రాసిన పిల్లలు ఎవరో మాస్టార్లకు తెలుసు. మొదటి ఏడు దరఖాస్తులు వేళ్ల మీద లెక్కపెట్టేన్నే వస్తాయి. నీరుగారిపోవద్దు, మొదటి విద్యార్థికి డబ్బు నిజంగా అందిందన్న మాట బయటికి వెళ్లాక పెరుగుతాయి.

పని పంపడం

చిత్రకారుల దగ్గర 8 పూర్తయిన పనుల ఫొటోలు, స్కెచ్‌బుక్ నుంచి వరుసగా 10 పేజీలు అడగండి. వరుసగా అన్న మాట ముఖ్యం. ఏరి పంపిన పేజీల్లో నైపుణ్యం కనిపిస్తుంది, వరుస పేజీల్లో అలవాటు కనిపిస్తుంది. ఫొటో ఎలా తీయాలో ఫారం వెనకే రాయండి: పొద్దున పదింటి లోపు ఆరుబయట నీడలో, బొమ్మను గోడకు నిలబెట్టి, ఫోను సరిగ్గా బొమ్మ మధ్యకు ఎదురుగా పట్టుకుని, ఫ్లాష్, ఫిల్టర్ లేకుండా, పక్కన ఒక స్కేలు పెట్టి. ఎండలో తీస్తే ఆయిల్ రంగు మెరిసి బొమ్మ తెల్లబోతుంది. వంగి తీస్తే చతురస్రం కూడా వంకరగా వస్తుంది, మంచి డ్రాయింగ్ తప్పులా కనిపిస్తుంది.

సంగీతానికి పది నిమిషాల వీడియో, ఎక్కడా కట్ చేయకుండా, ఎకో పెట్టకుండా, శ్రుతి వినిపిస్తూ. ఒక వర్ణం రెండు కాలాల్లో, తర్వాత వాళ్లకు ఇష్టమైనది ఒకటి. నృత్యానికి తల నుంచి పాదం దాకా ఫ్రేములో ఉండాలి. పాదాలు కనిపించని వీడియోలో తాళం ఎలా పడుతోందో తెలియదు. చేర్యాల వంటి కళల్లో పూర్తయిన పటంతో పాటు తయారుచేసిన ఖాళీ గుడ్డ ముక్క ఒకటి పంపమనండి. ఖాదీ గుడ్డకు బియ్యపు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల పేస్టు, జిగురు కలిపి మూడుసార్లు పూస్తారు, ప్రతి పూతా పూర్తిగా ఆరాకే తర్వాతది. తొందరపడి పూసిన గుడ్డను చుడితే పగుళ్లిస్తుంది. ఆ ముక్కను మడిచి చూస్తే నేర్చుకుంటున్నవాళ్ల ఓపిక చేతికే తెలుస్తుంది.

ఎంపిక రోజు

దసరా సెలవుల మొదటి మూడు రోజుల్లో పెట్టండి. హైదరాబాద్‌లో చదివే పిల్లలు అప్పుడు ఇంటికి వస్తారు. సద్దుల బతుకమ్మ దగ్గరపడితే ఎవరూ రారు. ఇంకో ఇంటర్వ్యూ అవసరమైతే మేడారం జాతర జరిగే ఏడు మాఘ పౌర్ణమి పక్షం వదిలేయండి, ఆర్టీసీ బస్సులన్నీ అటే వెళ్తాయి.

న్యాయనిర్ణేతలు ముగ్గురు: ఆ కళలోనే పనిచేస్తున్నవాళ్లు ఒకరు, ఈ ప్రాంతానికి సంబంధం లేని టీచరు ఒకరు, పక్క కళ నుంచి ఒకరు. విద్యార్థికి గురువైనవాళ్లు ఆ విద్యార్థికి మార్కులు వేయకూడదు. కుటుంబ సభ్యులు గదిలో కూర్చోవచ్చు, మార్కులు వేయకూడదు. ‘మా వాడే, కాస్త చూడండి’ అన్న ఫోన్లు వస్తాయి. పేర్లు చెప్పకుండా నంబర్లతోనే చూపిస్తామని ముందే అందరికీ చెబితే చాలా వరకు తగ్గుతాయి.

ఇంటర్నెట్ నుంచి చూసి దింపిన పోర్ట్‌ఫోలియోను పట్టుకోవడానికి ఒక్కటే మార్గం, ఎదురుగా వేయించడం. 22×15 అంగుళాల కార్ట్రిడ్జ్ షీటు, పెన్సిళ్లు, రెండు గంటలు. బల్ల మీద రాగి చెంబు, వెదురు చాట, మడత విప్పిన తువ్వాలు, వెలుతురు ఒక వైపు కిటికీ నుంచే. ఏం చూడాలి? చెంబు మూతి దగ్గరి గుండ్రనం, అడుగు గుండ్రనం ఒక కంటి ఎత్తుకు పొసుగుతున్నాయా. చాట అల్లికను ఒక్కో బద్దా లెక్కపెడుతున్నారా, ముందు మొత్తం ఆకారం పట్టుకున్నారా. తువ్వాలు బరువు తెలుస్తోందా. నీడ బల్ల మీద కూర్చుందా, గాలిలో వేలాడుతోందా. పదిహేను నిమిషాలయ్యాక ఒకసారి, గంటకు ఒకసారి వచ్చి చూడండి. చివరి బొమ్మ ఒక్కటే చూస్తే వాళ్లు ఎలా ఆలోచిస్తారో అర్థం కాదు. రబ్బరు వాడితే మార్కులు తగ్గించవద్దు, తప్పు కనిపెట్టి సరిదిద్దుకోవడం మంచి గుర్తే.

మార్కుల్లో ప్రతిభనూ పేదరికాన్నీ కలిపి కూడితే రెండింటిలోనూ మధ్యస్థంగా ఉన్నవాళ్లు పైకొస్తారు. ముందు పని మాత్రమే చూసి ఐదుగురిని తేల్చండి. ఆ ఐదుగురిలో అవసరం ఎవరికి ఎక్కువో అప్పుడు చూడండి. ఎంపిక కానివాళ్లకు రెండు వాక్యాల్లో కారణం రాసి పంపాలి: ‘రంగు మీద పట్టుంది, మనిషి బొమ్మలో నిష్పత్తులు కుదరడం లేదు, వచ్చే ఏడు మళ్లీ పంపండి.’ మరుసటి ఏడు మంచి దరఖాస్తులు వాళ్ల నుంచే వస్తాయి.

చెల్లింపు

దసరా సెలవుల్లో ఎంపిక జరిగితే నెల తిరగకుండా మొదటి విడత పడాలి. రూ.30,000లో రూ.18,000 అప్పుడు, రూ.12,000 జనవరిలో. చివరి ఏడాది వాళ్లకు తిరగేసి ఇవ్వండి, ఖర్చంతా ప్రదర్శన ముందే కాబట్టి. విద్యార్థి సొంత ఖాతాకే వేయాలి, తండ్రి ఖాతాకో కాలేజీకో కాదు. చదువు ఖర్చుల కోసం ఇచ్చే స్కాలర్‌షిప్ మీద విద్యార్థికి పన్ను పడదు. వాయిద్యం కొంటే మాత్రం దుకాణానికి నేరుగా చెల్లించి, తెలిసిన విద్వాంసుడి చేత వాయించి చూపించుకున్నాకే తెప్పించండి.

ప్రతి రూపాయికీ బిల్లు అడిగితే పిల్లలు దొంగ బిల్లులు నేర్చుకుంటారు. సుద్దమట్టికీ, మేళం కట్టిన కూలికీ బిల్లు ఎవరిస్తారు? సగానికి బిల్లులు, మిగతా సగానికి విద్యార్థి రాసి సంతకం పెట్టిన చిట్టా, వస్తువు ఫొటో చాలు. ట్రస్టు ఫైల్లో చెల్లింపు రసీదు, చిట్టా ఉంటే ఆడిటర్‌కు కూడా పని సులువు.

రెండో విడతకు ముందు షరతు మార్కులు కాదు, పని. హాజరు 75 శాతం, ఆరు కొత్త పనులు, స్కెచ్‌బుక్. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలు కళాచరిత్ర థియరీ పేపర్లో తడబడడం మామూలే. ఒక సబ్జెక్టు తప్పితే సాయం ఆపకండి, ఆ పేపరుకు చదివించే సీనియర్ని వెతికిపెట్టండి. పెళ్లి చేసుకున్న అమ్మాయి చదువు కొనసాగిస్తుంటే స్కాలర్‌షిప్ కొనసాగుతుందని నిబంధనల్లోనే రాసిపెట్టండి. నృత్యంలో, సంగీతంలో ఎక్కువగా అక్కడే చదువు తెగుతుంది.

డబ్బు అందించే సభను ఆబ్దికం రోజుకు ముడిపెట్టడం చాలామందికి ఇష్టం. తిథి ఎప్పుడొస్తుందో దాన్నిబట్టి చెల్లింపు నెలలు నెలలు ఆగుతుంది. డబ్బు ముందే ఖాతాలో వేయండి, సభ ఆబ్దికం నాడే పెట్టుకోండి. ఆ సభలో విద్యార్థి చేత కృతజ్ఞతా ఉపన్యాసం ఇప్పించకుండా, వాళ్ల పనినే గోడకు పెట్టండి లేదా పావుగంట పాడించండి. పోయినవాళ్ల గురించి ఒక పేజీ కరపత్రంలో వాళ్లు ఏ కళలో ఏం చేశారో రాయండి, పదవులూ వంశవృక్షమూ అక్కర్లేదు.

తగినవాళ్లు ఎవరూ దొరకని ఏడాది కూడా వస్తుంది. అప్పుడు ఎవరో ఒకరికి ఇచ్చేయకుండా ఆ మొత్తాన్ని సరుకు సాయంగా పంచండి, లేదా సంగీత కళాశాలకో ప్రభుత్వ హైస్కూలుకో ఒక వాయిద్యం, ఒక ఈజిల్ సెట్టు కొనివ్వండి. డీడ్‌లో ‘కళావిద్యకు సాయం’ అన్న మాట ఉంటే ఇది 85 శాతం లెక్కలోకి వస్తుంది. మార్చి నెలాఖరు లోపు ఆ కొనుగోలు పూర్తయి, బిల్లు ట్రస్టు పేరు మీద ఉండాలి.